తేడాల నిజాముద్దీన్

మా క్లినిక్ జీతాల కాగితంలో నిజాముద్దీన్ పేరు ఎదుట ‘ఫరాష్’ అని ఉండేది. అంటే ఊడ్చేవాడు, చాయ్ అందించేవాడు. కానీ దోహాలో మా పేట ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఏ తెలుగు కూలీని ఆపి అడిగినా “తేడాల నిజాముద్దీన్ ఉండే దవాఖాననా?” అని మా సందు చూపించేవాడు. డాక్టరు పేరు ఒక్కడికీ తెలియదు. బోర్డు మీద మూరెడు అక్షరాలతో పేరు రాయించుకున్న డాక్టరుకి ఇదొక కడుపుమంట.

నేను రేపల్లె నుంచి దోహా వచ్చింది తొంభై ఒకటి చివర్లో, ల్యాబ్ టెక్నీషియన్‌గా. వచ్చిన నాలుగో రోజే నిజాముద్దీన్‌తో గొడవపడ్డాను. ఆదిలాబాదు వైపు కూలీ ఒకడు మూడు రోజులుగా పరగడుపున వచ్చి రక్తం ఇచ్చి పోతున్నాడు. డాక్టరుగారిది ఈజిప్టు. చీటీ మీద చక్కెర వ్యాధి పరీక్ష అని రాస్తాడు, నేను చేస్తాను, ఏమీ ఉండదు, మళ్ళీ రాస్తాడు. మూడో రోజు ఆ మనిషి నా కుర్చీలోనే ఒరిగిపోయాడు.

చాయ్ పళ్ళెం పక్కన పెట్టి నిజాముద్దీన్ లోపలికొచ్చాడు. “మేడం, గీయనకు చక్కర్ వస్తంది. అంటే తల తిరుగుతంది. అరబ్బీల సుక్కర్ అంటే చక్కెర. డాక్టర్ గదనుకుంటుండు. చక్కర్ వేరు, సుక్కర్ వేరు. ఎండల పనిచేసి పడ్డడు, పైకెల్లి మీరు తిండి బంజేస్తిరి. ఉప్పు నీళ్ళు పొయ్యుండ్రి, లేస్తడు.”

“నా పని నాకు నేర్పడానికి వచ్చావా నువ్వు?” అన్నాను. ఆ రోజుల్లో నా నోటికి హద్దు ఉండేది కాదు. ఆయన గ్లాసు నీళ్ళలో ఉప్పు, పంచదార కలిపి ఆ మనిషి చేత తాగించాడు. అరగంటకి ఆ మనిషి లేచి కూర్చున్నాడు. డాక్టరు వచ్చి నా రిపోర్టు చూసి, చెయ్యి ఆడించి “సుక్కర్ మాఫీ” అన్నాడు. ఆ కూలీ రెండు చేతులూ జోడించి ఏడవడం మొదలెట్టాడు, దేవుడు తన రోగం మాఫీ చేశాడని.

నిజాముద్దీన్ వాడి భుజం మీద చెయ్యేసి చెప్పాడు. “గా మాఫీ కాదు బిడ్డా. మన మాఫీ అంటే క్షమించుడు. వీళ్ళ మాఫీ అంటే లేదు అనుడు. నీకు సక్కెర బీమారి లేదంటుండు. నువ్వేం తప్పు జేసినవని మాఫ్ జేస్తరు?”

సాయంత్రం నేనే వెళ్ళి “ఏమీ అనుకోకండి నిజాముద్దీన్ గారూ” అన్నాను. ఆ రోజు నుంచీ ‘గారూ’ తీసెయ్యలేదు.

ఆయనది నిర్మల్. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, ఇక్కడికొచ్చాక అరబ్బీ. ఒక భాష మాట ఇంకో భాషలో వేషం మార్చుకుని తిరుగుతుంటే పట్టుకోవడం ఆయనకి సరదా. “దమ్ము వస్తంది డాక్టర్” అని ఆయాసంతో ఒకడంటే, అరబ్బీలో దమ్ అంటే రక్తం కాబట్టి డాక్టరు వాడి నోరు తెరిపించి నెత్తురెక్కడా అని టార్చి వేసి వెతుకుతాడు. నిజాముద్దీన్ పరుగెత్తుకొస్తాడు. గుండెనొప్పి వాళ్ళకి ముందే వరండాలో పాఠం. “కల్బ్ అనే మాట గొంతులకెల్లి అంటే గుండె. నోట్లకెల్లి అంటే కుక్క. ‘నా కుక్కల నొప్పి లేస్తంది’ అంటే డాక్టర్ ఏం జేస్తడు, పశువుల దవాఖానకు తోల్తడు.” వరండా అంతా నవ్వేది. అంత నవ్వించేవాడూ తను మాత్రం నవ్వేవాడు కాదు. చాయ్ గ్లాసులు ఏరుకుంటూ లోపలికి వెళ్ళిపోయేవాడు.

ఇంకో పని కూడా ఆయనదే. పిల్లలకి సూది వేసేటప్పుడు పట్టుకోవడం. మా మలయాళీ నర్సు సూది తియ్యగానే పిల్లాడు ఆరున్నొక్క రాగం అందుకునేవాడు. నిజాముద్దీన్ వాణ్ణి గుండెకి అదుముకుని వీపు నిమురుతూ “ఖలాస్ హబీబీ, ఖలాస్, ఖలాస్” అనేవాడు. అరబ్బు తల్లులు ఏడ్చే పిల్లల్ని సముదాయించేది ఆ మాటతోనే. అయిపోయిందిరా కన్నా, ఇక నొప్పి లేదు అని. రోజుకి ఇరవైసార్లు వినేదాన్ని. నా గదిలో గాజు నాళికలు కడుక్కుంటూ వింటుంటే నాకూ ఎందుకో కొంచెం ప్రాణం కుదుటపడేది.

నా సంగతీ చెప్పాలి. క్లినిక్ పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది. మధ్యలో నాలుగు గంటలు అందరూ ఇళ్ళకి పోయి పడుకుంటారు. నేను ల్యాబ్‌లోనే ఉండేదాన్ని. మేడ మీద నర్సుల గదిలో నాకు మంచం ఉంది, కానీ వాళ్ళ భాష నాకు రాదు. కిటికీ ఏసీ మోత వింటూ టిఫిన్ డబ్బా తెరుచుకుని తినడం, గోడ గడియారం చూడడం. ఒక్కోరోజు ఆ నాలుగు గంటల్లో నా గొంతు నాకే వినిపించేది కాదు.

నాకు పెళ్ళయింది. ఆయన తెనాలిలో లెక్చరరు. రెండేళ్ళు కాపురం చేశాం. దోహా ఉద్యోగం కాగితం వచ్చిన రోజు దాన్ని ఆయన ముందు పెట్టి “ఏమంటారు?” అని అడిగాను. ఆయన చదువుతున్న పేపరు మడవకుండానే “నీ ఇష్టం” అన్నారు. మొగుడు ‘నీ ఇష్టం’ అంటే దాని అర్థమేమిటో తెలుగు ఆడదానికి ఒకరు విప్పి చెప్పక్కర్లేదు. పో, నీ చావు నువ్వు చావు అని. సరేనని వచ్చేశాను. ఆయనా రాయలేదు, నేనూ రాయలేదు. ఎవరైనా అడిగితే “మా మధ్య తేడా వచ్చిందండీ” అని చెప్పి ఊరుకునేదాన్ని.

ఈ మాట ఒకసారి నిజాముద్దీన్‌తో కూడా అన్నాను, ఆ ‘నీ ఇష్టం’ సంగతితో సహా. మధ్యాహ్నం వేళ ఆయన కూడా ఎక్కడికీ పోయేవాడు కాదు. పాలు లేని సులేమానీ చాయ్ పెట్టి నాకో గ్లాసు ఇచ్చి తలుపు బయట స్టూలు వేసుకునేవాడు. నేను తేడా అనగానే గ్లాసు కింద పెట్టాడు. “అందరి తేడాలు చెప్తనని పేరు పడ్డది మేడం. నా ఇంట్ల వచ్చిన తేడా మాత్రం నాతోని కాలే” అన్నాడు. అప్పుడు చెప్పాడు అసలు కథ.

తొంభై మూడు. భార్య మెహర్ సుల్తానా, ఐదేళ్ళ కూతురు సబ్రీన్ నిర్మల్‌లో ఉంటున్నారు. ఇంటి పక్కనే ఎస్‌టీడీ షాపు. ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక ఫోను చేసేవాడు. ఆ యేడు రంజానుకి వస్తానన్నాడు, సెలవు దొరకలేదు. అంతకు ముందు యేడూ అంతే, దానికి ముందు యేడూ అంతే. ఈసారీ రావడం లేదని చెప్పేసరికి ఆమె ఫోన్లో బావురుమంది. నువ్వుండీ లేనట్టే, నీ బిడ్డకి నీ మొహం తెలియదు, ఇట్లా ఎన్నేళ్ళు అని ఒకటే ఏడుపు.

“ఏడ్వంగ విని నా పానం పోయింది మేడం. ఏమనాల్నో తెల్వలే. నోట్లె ఏదుంటే అదొచ్చింది. ఖలాస్, ఖలాస్ అన్న. పోరగాళ్ళకు అన్నట్టే. గంతల కార్డుల పైసలు అయిపోయినయి. ఫోన్ కటైంది.”

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనే విడమరిచి చెప్పాడు. నిర్మల్‌లో ఖలాస్ అంటే సముదాయించడం కాదు. తెగిపోయింది, ఇక ఏమీ లేదు, అంతా ముగిసింది అని. ఆమె ఏడుస్తుంటే మొగుడు ‘అయిపోయింది పో’ అని ఫోను పెట్టేశాడు. ఆమె విన్నది అది. మరుసటి శుక్రవారం షాపువాడు “పిలిస్తే రానంటున్నది” అన్నాడు. మూడో శుక్రవారానికి కూతుర్ని తీసుకుని భైంసాలో తల్లిగారింటికి వెళ్ళిపోయింది. ఈయన రాసిన ఉత్తరాలు బావమరిది ఒవైస్ చేతిలో పడి వెనక్కి వచ్చాయి. చివరికి ఒవైస్ ఒక కార్డు రాశాడు. ‘ఖలాస్ అన్నది మీరే. ఇగ ఉత్తరాలు రాయకుండ్రి’ అని. తను నోరు జారి ఏం చేశాడో ఆ కార్డు చూశాకే ఆయనకి తెలిసింది.

శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డం అంటారే, అదీ. మా ఊళ్ళో అయితే పగలబడి నవ్వేవాళ్ళు. నాకు నవ్వు రాలేదు.

“మరి వెళ్ళి చెప్పొచ్చుగా? ఇన్నేళ్ళు ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నారు?” అని గదిమాను.

“పోతే తలుపు మూస్తే ఏం జేయాలె మేడం? ఈడ ఉంటే మూస్తదో తెరుస్తదో అన్న ఆశన్నా ఉంటది.”

తొంభై ఆరు డిసెంబరులో హుస్సేన్ సెలవు మీద ఇంటికి బయల్దేరాడు. హుస్సేన్ భైంసా మనిషి, అల్ షహానియాలో ఒంటెల ఫారాలకి నీళ్ళ ట్యాంకరు తోలేవాడు. ఉత్తరాలైతే ఒవైస్ ఆపుతాడు, క్యాసెట్ అయితే హుస్సేన్ నేరుగా ఆమె చేతికే ఇస్తాడు అని నేనే సలహా ఇచ్చాను. నా ల్యాబ్ గదిలో, నా టేప్ రికార్డరు మీద రికార్డు చేశాడు. అరగంట క్యాసెట్. ఆ ఖలాస్ వేరు, ఈ ఖలాస్ వేరు మెహర్ అని మొదలెట్టి, డాక్టరు, సూదులు, పిల్లలు, అరబ్బు తల్లులు, అన్నీ ఉర్దూలో చెప్పాడు. నాకు సగమే అర్థమైంది. చివర్లో “ముఝే మాఫ్ కరో” అన్నాడు. ఆ ముక్క అర్థమైంది.

హుస్సేన్ తిరిగొచ్చింది ఫిబ్రవరిలో. ఆ రోజు వరండా నిండా జనం. ట్యాంకరు రోడ్డుకి అడ్డంగా ఆపినట్టున్నాడు, వెనకాల కార్లు హారన్లు కొడుతున్నాయి. గుమ్మంలోంచే సలాం కొట్టాడు. నిజాముద్దీన్ చేతిలో చాయ్ పళ్ళెం.

“హుస్సేనూ, జవాబేమన్నది?”

“మాఫీ భాయ్!” అని కేకేసి హుస్సేన్ పరుగెత్తాడు.

నిజాముద్దీన్ పళ్ళెం బల్ల మీద పెట్టి, అక్కడే గోడకి ఆనుకుని, రెండు చేతులతో మొహం మూసుకున్నాడు. “మాఫీ ఇచ్చింది మేడం” అన్నాడు నన్ను చూసి. ఆ సాయంత్రం అందరికీ హల్వా పంచాడు. ముదీర్ అని పిలిచే మా మేనేజరు కాళ్ళావేళ్ళా పడి రెండు నెలల సెలవు, దేశం దాటడానికి కావలసిన ఖురూజ్ కాగితం సంపాదించాడు. ఐదేళ్ళలో ఆయన పళ్ళు నేను చూసింది ఆ వారమే.

వారం తర్వాత హుస్సేన్ రక్తపరీక్షకి వచ్చాడు. సూది గుచ్చుతూ మాటవరసకి అడిగాను, ఆవిడ ఇంకేమందయ్యా అని.

“ఏమనలే మేడం. క్యాసెట్ తీస్కొని అల్మారల పెట్టింది. రెండుసార్లు పోయిన. జవాబు ఉన్నదా చెల్లె అంటే నోరు తెరువలే. గదే చెప్పిన గద, మాఫీ అని. జవాబు లేదని.”

సూది చటుక్కున లాగేశాను. “ఓరి నీ దుంపతెగ! ఆయన క్షమించిందనుకున్నాడు కదయ్యా!”

హుస్సేన్ తెల్లబోయాడు. “నేను అరబ్బీల అన్న మేడం. ఈడ అందరం గట్లనే అంటం. నిజాముద్దీన్ భాయికి మాఫీకి మాఫీకి తేడా నేను చెప్పాల్నా?” అని కుర్చీలోంచి లేచాడు. “మీరే చెప్పుండ్రి. నాతోని కాదు” అని చేతికి దూది అదుముకుంటూ వెళ్ళిపోయాడు.

రిపోర్టు రిపోర్టే అనేది నా మతం. రోగం ఉంటే ఉందని, లేకపోతే లేదని. ఎదటివాడి మొహం చూసి అంకె మార్చే పని నేనెన్నడూ చెయ్యలేదు. చెప్పేద్దామనే ఆ మధ్యాహ్నం ఆయన గదికి వెళ్ళాను. క్లినిక్ వెనక, మందుల పెట్టెల మధ్య ఒక మంచం, అంతే గది. పెట్టె సర్దుకుంటున్నాడు. మంచం మీద ఆకుపచ్చ దుపట్టా ఒకటి, ఆడపిల్ల చెప్పులు మూడు జతలు, ఒకే రంగు, మూడు సైజులు.

“మంచిగొచ్చిండ్రు మేడం. తొమ్మిదేండ్ల పిల్ల కాలు ఎంతుంటది? తెల్వక మూడు తెచ్చిన. ఏది పడుతది?”

నిజాముద్దీన్ గారూ, ఆ మాఫీ వేరండీ, అనాలి. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు, నేను ఏ జత చూపిస్తానా అని. నాకు పిల్లలు లేరు, తొమ్మిదేళ్ళ పిల్ల కాలు ఎంతుంటుందో నాకేం తెలుసు?

“మధ్య జత సరిపోతుంది” అన్నాను. నేనిచ్చిన మొదటి అబద్ధపు రిపోర్టు అది.

ఆయన వెళ్ళాక ఆ క్లినిక్‌లో ఉండడం నాకు నరకమైంది. మెహర్ ఆయన మొహం మీద తలుపు వేస్తే ఆ పాపం నాదే. పిల్లలు సూదులకి ఏడుస్తుంటే నర్సు “చుప్, చుప్” అని కసిరేది. వరండాలో నవ్వులు లేవు. ఒకడు ఆయాసమని వస్తే డాక్టరు మళ్ళీ నోట్లో టార్చి వేశాడు. నేనే లేచి వెళ్ళి చెప్పాల్సి వచ్చింది.

మా ఉత్తరాలన్నీ పోస్టాఫీసులో క్లినిక్ పెట్టెకి వస్తాయి. ముదీర్ మంగళవారం నాడు వెళ్ళి తెస్తాడు. ఏప్రిల్‌లో ఒక మంగళవారం నాకు ఒక కవరు ఇచ్చాడు. గుండ్రంగా, బడిపిల్లాడి దస్తూరీలా ఉన్న తెలుగు. తలుపు వేసుకుని చదివాను.

‘మేడం గారికి సలాం. నేను ఇగ వాపస్ వస్తలేను. నా పేరు తీసెయ్యమని ముదీర్‌కు చెప్పుండ్రి. భైంసాల ఒవైస్ నన్ను వరండాల కూసోబెట్టిండు. మెహర్ తలుపు ఎన్క నిలబడ్డది. నా క్యాసెట్ అల్మారల ఉన్నది, మీద కట్టిన దారం గూడ ఇప్పలే. అప్పుడు ఎర్కైంది నాకు, హుస్సేన్ అన్నది ఏ మాఫీనో. అయినా వచ్చిన గద అని ఒక గంట సేపు తేడా చెప్పిన. తలుపు ఎన్కకెల్లి ఒక్క మాట రాలే. ఇగ లేద్దామనుకున్న.

‘సబ్రీన్ నాకు మంచినీళ్ళు తెస్తుండె. గడప తాకి పడ్డది. గిలాస పగిలి అరచెయ్యి కోసింది. ఒకటే ఏడ్పు. నేను దవాఖాన మనిషిని గద, చెయ్యి పట్టి గాజుముక్క తీసిన, నీళ్ళు పోసిన. తీస్తాంటే నా నోట్లకెల్లి దానంతటదే వచ్చింది. ఖలాస్ బేటా, ఖలాస్, ఖలాస్ అని. పిల్ల నా మీదికి ఒరిగింది. గప్పుడు తలుపు తెరుచుకున్నది. మెహర్ నిలబడి చూస్తుంది. ‘యహీచ్ థా క్యా?’ అన్నది. ఆ రోజు ఫోన్ల అన్నది గిదేనా అని. గిదే అన్న. నేను గంట సేపు చెప్పింది ఎక్కలే మేడం, గీ ఒక్క మాట ఎక్కింది. ఆమె గడప మీద కూలబడి ఏడ్చింది. నాకైతే మల్ల ఖలాస్ అనాలంటే భయమైంది. చుప్పగ పక్కకు పోయి కూసున్న.

‘చెప్పులు మూడు జతలు గూడ చిన్నగైనయి. పిల్ల పెద్దగైంది.

‘మీకు ముందే ఎరికేనంట, హుస్సేన్ రాసిండు. మీరు చెప్పకపోయిండ్రి. చెప్తే నేను పోకపోదును. మేడం, మీ సార్ నీ ఇష్టం అన్నడంటిరి. నీ ఇష్టంలు గూడ రెండుంటయి గద. ఏదన్నడో అడిగిండ్రా?’

ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఏసీ మోగుతోంది. నీ ఇష్టం. పో, నీ చావు నువ్వు చావు అని ఒకటి. నువ్వు ఎలా అంటే అలాగే, నీకు అడ్డం రాను అని ఇంకొకటి. ఆయన మొహానికి పేపరు అడ్డం ఉంది. నేను పేపరు పక్కకి లాగి చూడలేదు. ఐదేళ్ళు ఊరందరి రక్తం పరీక్ష చేశానే, నా మొగుడన్న రెండు మాటల్ని ఒక్కసారైనా పరీక్ష చెయ్యలేదు. అప్పుడు ఏడ్చాను. గట్టిగానే ఏడ్చాను, పన్నెండు నుంచి నాలుగు దాకా అక్కడ వినేవాళ్ళెవరూ ఉండరు. వీపు నిమిరి ఖలాస్ అనే మనిషి నిర్మల్ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే తెనాలి అడ్రసుకి ఉత్తరం రాశాను. క్షేమ సమాచారాలు రాయలేదు. ‘మీరు ఆ రోజు అన్నది ఏ నీ ఇష్టం?’ అని ఒక్క వాక్యం రాసి, కింద భానుమతి అని పెట్టి, పోస్టులో వేశాను.

ఇది తొంభై ఏడు అక్టోబరు. ప్రతి మంగళవారం ముదీర్ వచ్చే వేళకి నేను వరండాలోకి వచ్చి నిలబడతాను. ఇవాళా నిలబడ్డాను. అడక్కముందే చేతిలో కవర్లన్నీ తిరగేసి చూసి, నా వైపు తల అడ్డంగా ఆడించి “మాఫీ” అన్నాడు.

సరేనని లోపలికి వచ్చేశాను. కుర్చీలో షహానియా మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు, చక్కర్ వస్తోందట.